రాసుకోని కౌలు, తరుగు, భోగ్యం: ఊరి వాడుకకి షరియత్‌లో బలమెంత?

శివారుచేను:

అస్సలాము అలైకుం, అందరికీ నమస్కారమండి.

మన డెల్టాలో కౌలుకి కాగితం ఉండదు. వేసవిలో అరుగు మీద కూర్చుని "ఈ ఏడాదీ ఎప్పటిలాగేనా?" అంటే "ఆయ్, ఎప్పటిలాగే" అంటారు, అంతే. ఆ "ఎప్పటిలాగే"లో ఏమేం ఉన్నాయో ఇద్దరికీ తెలుసు. సార్వాకీ దాళ్వాకీ కలిపి ఎకరాకి ఇన్ని బస్తాలు, బస్తా అంటే 75 కిలోలు, గడ్డి కౌలుదారుది, నీటితీరువా భూమి గలాయనది, బోదెలో పూడిక తీయించుకునేది కౌలుదారు. ఇందులో సగం ఎవరూ పైకి అననే అనరు. తేడా వచ్చేదల్లా తుపాను ఏడాదే. లేదంటే భూమి గలాయన కాలం చేసి కొడుకులు లెక్క అడిగినప్పుడు.

షరియత్ లెక్కన నోటితో కూడా అనుకోని ఈ షరతులు కట్టుబడి ఉండాల్సినవేనా? పంట పోయినా బస్తాలన్నీ కొలవాలా? పెట్టుబడి పెట్టిన షావుకారుకే ధాన్యం తోలాలన్న కట్టుబాటు, కాటా దగ్గర తీసే తరుగు, అప్పు తీరేదాకా చేను అనుభవించమంటూ, వడ్డీ లేదని రాసుకునే భోగ్యం, వీటిలో ఏది నిలుస్తుంది, ఏది నిలవదు? "వడ్డీ లేకపోతే చాలు" అన్న జవాబు చేలో పనికిరావడం లేదు. ఫిఖ్ (ఇస్లామీ ధర్మశాస్త్రం), వ్యవసాయం రెండూ తెలిసినవాళ్లు కాస్త వివరంగా చెప్పండి. మనవాళ్లు ఎక్కువమంది హనఫీలే కాబట్టి ముందు ఆ మాట చెప్పి, మిగతా మజ్‌హబులు, అంటే మాలికీ, షాఫియీ, హన్బలీ శాఖలు, ఎక్కడ వేరుగా అన్నాయో కూడా చెబితే మేలు.

కాలువగట్టు:

వ అలైకుం సలాం. మొదటి ప్రశ్నే అన్నిటికీ మూలం కాబట్టి అక్కడ కాస్త ఎక్కువసేపు ఆగుతాను.

ఊరి వాడుకని ఫిఖ్‌లో ఉర్ఫ్ అంటారు, ఆదత్ అని కూడా అంటారు. ఉస్మానీ (ఒట్టోమన్) రాజ్యంలో 1869 నుంచి 1876 దాకా భాగాలుగా వెలువడిన మజల్లా అనే చట్ట సంపుటి హనఫీ ఫిఖ్‌ని నంబర్లు వేసి పెట్టింది. అందులో 36వ నిబంధన "వాడుకే తీర్పరి" అంటుంది. 43వది ఇంకా సూటిగా ఉంటుంది: వాడుకలో అందరికీ తెలిసినది, పైకి అనుకున్న షరతుతో సమానం. 44వది వ్యాపారుల మధ్య తెలిసిన వాడుకకి అదే బలం ఇస్తుంది. అంటే మీ "ఎప్పటిలాగే" అన్న మాట ఖాళీ మాట కాదండి. దాని వెనక ఉన్న షరతులన్నీ నోటితో చెప్పినట్టే లెక్క.

కానీ ప్రతి అలవాటూ ఉర్ఫ్ అయిపోదు. అది అక్కడ అందరిలోనూ ఎడతెగకుండా నడుస్తూ ఉండాలి, ఒకరిద్దరి పద్ధతి చాలదు. ఒప్పందం జరిగిన రోజుకే అది వాడుకలో ఉండాలి. తర్వాత పుట్టిన అలవాటు పాత మాటకి అంటదు. ఇద్దరూ దానికి విరుద్ధంగా పైకి ఏదైనా అనుకుంటే ఆ మాటే నిలుస్తుంది. అన్నిటికంటే ముఖ్యంగా, ఖురాన్‌లోనో హదీసులోనో (ప్రవక్త మాటల్లోనో) స్పష్టంగా వద్దన్నదాన్ని ఉర్ఫ్ హలాల్ చెయ్యలేదు. ఊరంతా వడ్డీ తింటున్నా వడ్డీ వడ్డీయే.

అది ఉర్ఫ్ అవునా కాదా తేల్చుకోవాలంటే, మీ కాలువ కింద నలుగురు కౌలుదార్లనీ నలుగురు భూమి గలవాళ్లనీ విడివిడిగా అడగండి. ఎనిమిదిమందీ తడుముకోకుండా ఒకే మాట చెబితే అది ఉర్ఫ్. "కొందరు అలా, కొందరు ఇలా" అని మొదలెడితే కాదు, ఆ సంగతి నోరు తెరిచి మాట్లాడుకోవాల్సిందే.

గడ్డి సంగతే చూడండి. హనఫీల హిదాయా అనే గ్రంథంలో సరిగ్గా ఈ ప్రశ్నే ఉంది. గింజ చెరిసగం అనుకుని గడ్డి ఊసే ఎత్తకపోతే, గడ్డి విత్తనం పెట్టినవాడిది అన్నారు. బల్ఖ్ నగరపు పండితులు మాత్రం తమ దగ్గర గడ్డి కూడా పంచుకోవడమే వాడుక కాబట్టి దాన్నీ పంచుకోవాలన్నారు. ఒకే మజ్‌హబులో ఊరు మారితే జవాబు మారింది. మన దగ్గర గడ్డి కౌలుదారుదన్న వాడుక కోత చేత్తో కోసి, పనలు కట్టి, కుప్ప నూర్చిన రోజులది. ఇప్పుడు కోతమిషన్ గడ్డిని చేలోనే పరిచేస్తుంది, దాన్ని మిషన్‌తో కట్టలు కట్టించి అమ్ముతున్నారు, కట్టల ఖర్చు ఒకరిది, చేను ఒకరిది. ఇది కొత్త సంగతి. దీనికి పాత వాడుక అతికించడం కుదరదు, ఏటా ముందే అనుకోవాలి.

ఇక కౌలు బస్తాలు. పైకి ఒకేలా వినిపించే మూడు మాటలకి మూడు వేరు తీర్పులున్నాయి.

"పండినదాంట్లో సగం నీకు, సగం నాకు" అంటే ముజారఅత్. ఖైబర్ తోటల్నీ చేలనీ హిజ్రీ 7లో, అంటే 628లో, ప్రవక్త (స) సగపాలుకే ఇచ్చారు. ఇమామ్ అబూ హనీఫా దీన్ని ఒప్పుకోలేదు గానీ, ఆయన శిష్యులు అబూ యూసుఫ్, ముహమ్మద్ ఒప్పుకున్నారు, హనఫీ ఫత్వా వాళ్ల మాట మీదే. పాలు ఎంత, విత్తనం ఎవరిది, ఎన్నాళ్లకి అన్నవి తెలిసుండాలి. వాటా భిన్నంలో ఉండాలి: సగం, మూడోవంతు, అలా.

"ఈ చేలో పండినదాంట్లోంచి ముందు 20 బస్తాలు నాకు, మిగిలింది నీది" అంటే చెల్లదు. ఇరవయ్యే పండితే కౌలుదారుకి ఏం మిగులుతుంది? రాఫి బిన్ ఖదీజ్ చెప్పిన హదీసు చదివితే మన శివారు భూములు గుర్తొస్తాయి. మదీనాలో కాలువల పక్కన, నీటి మొగల దగ్గర పండే ముక్క నాకు, మిగతా ముక్క నీకు అని కౌలుకి ఇచ్చేవారట. ఒక్కోసారి ఇది పండేది అది పోయేది, ఒక్కోసారి అది పండేది ఇది పోయేది. ప్రవక్త (స) వద్దన్నది అదీ. తెలిసిన, పూచీ ఉన్న ప్రతిఫలానికైతే తప్పు లేదని కూడా రాఫియే చెప్పారు. మోరీ దగ్గర బోదె పక్క చేనుకీ, నీళ్లు చివరకి చేరే శివారు చేనుకీ తేడా తెలిసిన మనకి దీన్ని విడమరిచి చెప్పక్కర్లేదు.

"ఎకరాకి 28 బస్తాలు స్వర్ణ, ఎంటీయూ 7029, ఆరిన ధాన్యం, ఏ చేలోవైనా సరే, ఫలానా నెలకి" అంటే అది ఇజారా, అంటే అద్దె. బస్తాలు కౌలుదారు మీద బాకీ, ఆ చేను మీద కాదు. హనఫీ, షాఫియీలు ఒప్పుకున్నారు. మాలికీలు భూమిని తిండిగింజలకి అద్దెకివ్వడమే ఒప్పుకోరు. మన కౌలు దాదాపు ఇదే, కానీ "ఏ చేలోవైనా సరే" అన్న మాట ఎవరి మనసులోనూ స్పష్టంగా లేదు. అందుకే తుపాను రాగానే భూమి గలాయన దీన్ని అద్దె అంటాడు, కౌలుదారు పాలు అంటాడు.

రెండో రకం అనుకుని పంట వేసేశారనుకోండి, అప్పుడెలా? హనఫీ లెక్కన పంట విత్తనం పెట్టినవాడిది. భూమి గలాయనకి ఆ చుట్టుపక్కల అలాంటి చేనుకి పలికే అద్దె ముడుతుంది. దాన్ని అజ్రుల్ మిస్ల్ అంటారు.

పంట పోతే ఏంటన్నది దీని మీదే నడుస్తుంది. పాలుకైతే నష్టం దానంతటదే పంచుకుంటుంది. అద్దెకైతే పోయింది భూమి పనికొచ్చే గుణమా, పంటా అని చూడాలి. దాళ్వాకి కాలువ నీళ్లు ఇవ్వలేదు, చేను తడవనే లేదు అంటే భూమి పనికిరాలేదు, ఆ పంటకాలపు అద్దె పడదు. ఊడ్పులయ్యి, ఈనుకుని, కోతకొచ్చాక 1996 నవంబరు 6 నాటి తుపానులాంటిది వచ్చి చేను పడిపోతే, పోయింది కౌలుదారు పంట. హన్బలీ పండితుడు ఇబ్న్ ఖుదామా అద్దె తగ్గదన్నాడు. అదే మజ్‌హబులో తర్వాత వచ్చిన ఇబ్న్ తైమియా తగ్గించాలన్నాడు. హనఫీ ఫత్వా గ్రంథాల్లో మధ్య దారి ఉంది: పంట పోయిన రోజు దాకా అద్దె పడుతుంది, ఆపైన మళ్లీ విత్తుకునే వ్యవధి లేకపోతే మిగతా కాలానికి పడదు. సార్వా పోయినా దాళ్వాకి వ్యవధి ఉంది కాబట్టి, రెండు పంటల కౌలుని ఒకే మొత్తంగా కాకుండా పంటకి ఇన్ని బస్తాలని విడదీసి అనుకుంటే సగం తగువులు మొదలవ్వవు.

భూమి గలాయన కాలం చేస్తే హనఫీల్లో ఇజారా ముగుస్తుంది, మిగతా మూడు మజ్‌హబుల్లో ముగియదు. చేలో పంట నిలబడి ఉంటే మాత్రం హనఫీల్లోనూ కోతదాకా కౌలుదారే, అదే అద్దెకి. కొడుకులు నడిమధ్యలో చేను ఖాళీ చెయ్యమనడానికి లేదు.

కాటాముల్లు:

కాలువగట్టు గారు కౌలు చెప్పేశారు కాబట్టి నేను షావుకారు పెట్టుబడి, తరుగు అందుకుంటాను.

పెట్టుబడి ఇచ్చి "ధాన్యం నాకే తోలాలి, బజారు కంటే బస్తాకి ఇంత తక్కువకి" అంటే అది అప్పుకి అమ్మకం ముడిపెట్టడం. అప్పునీ అమ్మకాన్నీ కలిపి చెయ్యొద్దన్న హదీసు అబూ దావూద్, తిర్మిజీల్లో ఉంది. "లాభం లాక్కొచ్చే ప్రతి అప్పూ వడ్డీయే" అన్న మాట అందరూ హదీసనే చెబుతారు గానీ ప్రవక్త మాటగా దాని సనదు (ఎవరి నుంచి ఎవరు విన్నారన్న వరస) బలహీనం. సూత్రంగా మాత్రం నాలుగు మజ్‌హబులూ తీసుకున్నాయి. షావుకారు పైకి ఆ షరతు అనకపోయినా, అలా తోలకపోతే వచ్చే ఏడు పైసా పుట్టదని ఊరందరికీ తెలుసు కాబట్టి, 43వ నిబంధన ప్రకారం అది అన్నట్టే లెక్క. వాడుక మనల్ని కాపాడే సూత్రం ఇక్కడ మనల్నే పట్టుకుంటుంది.

దీనికి సరైన దారి సలం, అంటే డబ్బు ముందే ఇచ్చి సరుకు తర్వాత తీసుకునే కొనుగోలు. ప్రవక్త (స) మదీనా వచ్చేసరికి అక్కడివాళ్లు ఒకటి రెండేళ్ల ముందే ఖర్జూరాలకి డబ్బులిచ్చి కొనుక్కుంటున్నారు. ఆయన ఆ వాడుకని తీసెయ్యలేదు. తెలిసిన కొలత, తెలిసిన తూకం, తెలిసిన గడువు ఉండాలని కట్టుదిట్టం చేశారు. ధర బజారు కంటే తక్కువ ఉండొచ్చు, షావుకారు లాభం అక్కడే, అది హలాల్. మన దగ్గర సలం ఎక్కడెక్కడ చెడుతుందో చెబుతాను.

డబ్బు మొత్తం ఒప్పందం రోజునే చేతిలో పడాలి. మాలికీలు మూడు రోజుల వ్యవధి ఇచ్చారు, మిగతావాళ్లు అదీ ఇవ్వలేదు. మన షావుకార్లు దమ్ముకి కొంత, ఊడ్పులకి కొంత, ఎరువులకి కొంత ఇస్తారు. "60 బస్తాలకి" అని మొదటిరోజే అనుకుని 20 బస్తాల డబ్బే ఇస్తే, సలం ఆ 20కే. మిగతావాటికి డబ్బు ఇచ్చిన రోజున ఇచ్చినంతకే కొత్త సలం అనుకోవాలి, ధర కూడా ఆ రోజు మళ్లీ తేల్చుకోవచ్చు. కష్టమేం కాదు, మూడు చీటీలు రాసుకోవడమే.

ధాన్యం "నీ చేలోది" అనకూడదు. ఫలానా రకం, తేమ ఇంత, తాలు ఇంత, సంచి బరువు ఇంత, ఫలానా చోట, ఫలానా రోజుకి అనాలి. చేను పోతే రైతు బయట కొనైనా ఇవ్వాలి. ఇవ్వలేకపోతే షావుకారు ఆగాలి, లేదా తను ఇచ్చిన డబ్బే వెనక్కి తీసుకోవాలి, దానికి పైసా కలపకూడదు. "ధాన్యం రాలేదు కాబట్టి నోటు రాసి నూటికి రెండు రూపాయలు కట్టు" అన్నారంటే ఆ క్షణం నుంచీ అది వడ్డీ.

సలంలో కొన్న ధాన్యాన్ని చేతికి రాకముందే మిల్లరుకి అమ్మెయ్యకూడదు. షావుకార్లు ఎక్కువగా తప్పేది ఇక్కడే.

ఇక తరుగు. కాటా, హమాలీ, సంచి ఖర్చు ఎవరిదన్నది ఊరి వాడుక తేల్చొచ్చు, అందులో ఇబ్బంది లేదు. తరుగు కూడా ముందే తెలిసి, అందరికీ ఒకటే అయితే వాడుకే. కానీ లారీ వచ్చి నిలబడ్డాక, పైన మబ్బు పట్టి ఉండగా "నెమ్ము ఉంది, బస్తాకి మూడు కిలోలు" అంటే అది వాడుక కాదు, కొలత తెలియని అమ్మకం, అంటే గరర్. పైగా కొలతలో మోసం చేసేవాళ్ల గురించి ఖురాన్ 83వ సూరా (అధ్యాయం) మొదలే హెచ్చరిస్తుంది.

తేమకి తగ్గించడం న్యాయమే, కానీ దానికి లెక్క ఉంది. ప్రభుత్వ కొనుగోలులో తేమ హద్దు 17 శాతం. 75 కిలోల బస్తాలో తేమ 18 శాతం ఉంటే ఎండు పదార్థం 82 వంతులు. 17 దగ్గర అది 83 వంతులు ఉండాలి. 75ని 82తో గుణించి 83తో భాగిస్తే 74.1. అంటే తగ్గాల్సింది 900 గ్రాములు. 19 శాతానికి 1 కిలో 800 గ్రాములు, 20కి 2 కిలోల 700 గ్రాములు. తేమ మిషన్ పెట్టి చూసి, ఈ లెక్కన తీస్తే ఎవరికీ అన్యాయం లేదు. 17 ఉన్న ధాన్యానికి కూడా రెండు కిలోలు తీస్తే? ఎకరాకి 40 బస్తాలనుకుంటే 80 కిలోలు. 2025-26లో సాధారణ రకం మద్దతు ధర క్వింటాలుకి 2,369 రూపాయలు కాబట్టి ఎకరా మీద 1,895 రూపాయలు ఊరికే పోయినట్టు.

రొయ్యల మేత కొట్టుల గురించి కూడా ఒక్క మాట. రొక్కానికి ఒక ధర, పట్టుబడి (రొయ్యలు పట్టడం) అయ్యాక ఇస్తే ఒక ధర చెప్పడం తప్పు కాదు. సంచి ఎత్తుకునేముందు ఆ రెండింటిలో ఏదో తేల్చకుండా "చూద్దాంలే" అని వెళ్లడం తప్పు. ఒక అమ్మకంలో రెండు అమ్మకాలు వద్దన్న హదీసుకి ఎక్కువమంది చెప్పే అర్థం ఇదే. తేల్చుకున్నాక రొయ్యకి తెల్లమచ్చ తెగులు వచ్చి పట్టుబడి ఆలస్యమైందని ఆ ధర పెంచడానికి లేదు.

కొబ్బరిగెల:

కోనసీమ తోటల సంగతి ఎవరూ ఎత్తలేదు. తోటని మూడేళ్ల గుత్తకి ఇచ్చేయడం, అంటే ఇంకా పుట్టని కాయల్ని అమ్మేయడం, జాబిర్ (రజి) చెప్పిన హదీసులో సూటిగా వద్దన్న సంగతి. ఏళ్ల తరబడి ఫలసాయాన్ని ముందే అమ్మొద్దన్నారు. సలం కూడా ఫలానా తోట కాయకి కుదరదు.

కానీ కొబ్బరికి ఒక చిక్కుంది. మామిడిలా ఒకసారి కాసి ఊరుకోదు. ఒకే చెట్టు మీద పొత్తి విచ్చని పువ్వు నుంచి ఎండుకాయ దాకా అన్ని వయసుల గెలలూ ఉంటాయి, నెలన్నర రెండు నెలలకోసారి దింపు పడుతుంది. ఇలాంటి పంటల గురించి పాత హనఫీలే వాదించుకున్నారు. కాపులో ఎక్కువ భాగం కనబడుతుంటే, జనంలో వాడుక ఉంది కాబట్టి మిగతాదీ కలిపి అమ్మొచ్చని హల్వానీ అన్నాడు, సరఖ్‌సీ ఒప్పుకోలేదు. 1836లో పోయిన డమాస్కస్ పండితుడు ఇబ్న్ ఆబిదీన్, తమ ఊళ్లో దీన్ని మాన్పించడం జనాన్ని ఇరుకున పెట్టడమేనని హల్వానీ వైపు మొగ్గాడు. కాబట్టి కళ్లకి కనబడుతున్న గెలల మీద ఒకటి రెండు దింపులకి బేరం చేసుకోవడానికి ఆధారం ఉంది. మూడేళ్లకి లేదు.

మూడేళ్లే కావాలంటే ముసాఖాత్ ఉంది. తోట ఒకరిది, నీళ్లు, ఎరువు, మొవ్వుల శుభ్రం, దింపు మరొకరివి, కాయ పాలుకి. అంతరపంటగా అరటో కోకోనో వేసుకునే నేలని విడిగా అద్దెకి ఇవ్వొచ్చు. చెట్లతో సహా తోటని అద్దెకివ్వడాన్ని ఇబ్న్ తైమియా ఒప్పుకున్నాడు గానీ ఎక్కువమంది ఒప్పుకోలేదు. వందకి కొసరు కాయల వాడుక మాత్రం నిక్షేపంగా చెల్లుతుంది, అది అందరికీ తెలిసిన లెక్క.

శివారుచేను:

జజాకల్లాహ్. పాలు, అద్దె వేరు చేసి చెప్పడంతో చాలా ముడులు విడిపోయాయి. రెండు సంగతులు మిగిలాయండి. తుపాను పరిహారం భూమి గలాయన ఖాతాలో పడుతుంది, పోయింది కౌలుదారు పంట. అది ఎవరిది? కాగితం రాసుకుంటే భూమి పోతుందన్న భయం ఉన్నవాళ్లతో ఎలా రాయించాలి? భోగ్యం గురించి కూడా ఎవరూ చెప్పలేదు.

నోటుస్టాంపు:

ముందు ఒక విషయం అందరూ గుర్తుపెట్టుకోవాలి. 1937 షరియత్ చట్టం పెళ్లి, విడాకులు, వారసత్వం, హిబా (దానం), వక్ఫ్ వంటివాటికే. ఒప్పందాలు అందులో లేవు. కాబట్టి కోర్టులో నడిచేది 1872 కాంట్రాక్టు చట్టం, పైన పెద్దలు చెప్పినదంతా ఇద్దరి దీన్‌కి (ధర్మానికి) సంబంధించిన సంగతి. నోటిమాట ఒప్పందం దేశ చట్టంలోనూ చెల్లుతుంది, ఇబ్బందల్లా రుజువు చెయ్యడంలోనే. చేబదులుకి దావా గడువు మూడేళ్లు. అందుకే మనవాళ్లు మూడేళ్లు నిండేలోపు నోటు తిరగరాయించుకుంటారు. అలా తిరగరాసేటప్పుడు వడ్డీని అసలులో కలిపేసి కొత్త అంకె వేస్తారు. అసలు ఒక్కటే మోసుకురావాలి.

పరిహారం గురించి. "అల్ ఖరాజు బిద్దమాన్", అంటే నష్టం ఎవరు మోస్తారో రాబడి వాళ్లది, మజల్లా 85వ నిబంధన. పంటకి ఇచ్చిన పరిహారం పంట పోయినవాడిది. పాలుకైతే పాలు ప్రకారం. చెట్లు కూలినందుకో, ఇసుక మేట వేసినందుకో ఇస్తే భూమి గలాయనది. ఖాతాలో ఎవరి పేరున పడిందన్నది యాజమాన్యాన్ని తేల్చదు. ఆయన చేతిలో అది అమానత్, అంటే అప్పగించిన సొమ్ము.

భయం గురించి. మన రాష్ట్రంలో 2011 నాటి కౌలుదారుల చట్టం స్థానంలో వచ్చిన 2019 పంట సాగుదారుల హక్కుల చట్టం కింద ఇచ్చే కార్డు 11 నెలలకే. దాని మీద భూమి గలాయన సంతకం ఉంటుంది, పంట మీద తప్ప భూమి మీద ఏ హక్కూ ఇవ్వదు. ఈ మాట ఆయనకి చట్టంలో ఉన్నట్టే చదివి వినిపించండి. పరిహారం, పంట రుణం, బీమా కౌలుదారు పేరున రావాలంటే దారి అదే. ఏడాది దాటిన కౌలుకి 1908 రిజిస్ట్రేషన్ చట్టం ప్రకారం రిజిస్ట్రేషన్ కావాలి, కాబట్టి ఏటా 11 నెలలకి కొత్త కాగితం రాసుకోండి.

కాగితంలో ఏముండాలన్నదానికి ఖురాన్ 2:282 కంటే మంచి నమూనా లేదు. ఖురాన్‌లో అన్నిటికంటే పొడుగైన ఆయత్ (వాక్యం) అప్పు రాసుకోవడం గురించే. రాయడం ముస్తహబ్ (చేస్తే మంచిది) అని ఎక్కువమంది అన్నారు, ఇబ్న్ హజ్మ్ ఫర్జ్ (చేసి తీరాలి) అన్నాడు. అందులో మన కరణాలు కూడా పట్టించుకోని ఒక సంగతి ఉంది: చెప్పి రాయించాల్సింది బాకీ పడేవాడు, ఇచ్చేవాడు కాదు. ఎవరి మీద బాధ్యత పడుతుందో వాడి నోట వచ్చిన మాటే కాగితం ఎక్కాలి. కాబట్టి బస్తాల అంకె కౌలుదారు చెప్పాలి. సర్వే నంబరు, విస్తీర్ణం, నీటితీరువా, బోదె హద్దు భూమి గలాయన చెప్పాలి. ఇద్దరూ చెప్పింది మూడోవాడు రాయాలి. సాక్షులు ఇద్దరు, చెరో వైపు నుంచి ఒకరు, కుదిరితే పక్క చేను వాళ్లు. "ఎప్పటిలాగే" అన్న మాట కాగితంలో రానివ్వకండి. సార్వాకి ఇన్ని, దాళ్వాకి ఇన్ని, దాళ్వాకి నీళ్లివ్వకపోతే ఆ అంకె సున్నా, పంట పోతే ఇలా, గడ్డి కట్టలు ఇలా, పరిహారం ఇలా. ఒక పేజీ దాటదు.

కాలువగట్టు:

భోగ్యం నేను చెబుతాను, దీని మీద మొహమాటం పనికిరాదు.

మూడు లక్షలు తీసుకుని ఎకరా చేను భోగ్యానికి ఇచ్చారనుకోండి. డబ్బుకి వడ్డీ లేదు, చేనుకి కౌలు లేదు. డబ్బు తిరిగిచ్చినరోజు చేను తిరిగొస్తుంది. వినడానికి సరిసమానంగా ఉంటుంది. ఆ చేను కౌలు 28 బస్తాలైతే 21 క్వింటాళ్లు, 2025-26 మద్దతు ధరకి 49,749 రూపాయలు. మూడు లక్షల మీద ఏడాదికి 16.6 శాతం. అంటే నూటికి నెలకి రూపాయి 38 పైసలు. వడ్డీ అన్న మాట కాగితం మీద లేదంతే, చేలోంచి ప్రతి కోతకీ వెళ్తూనే ఉంది.

"షరతు పెట్టలేదు, యజమాని ఇష్టపడి అనుభవించమన్నాడు" అనే వాదన కొత్తది కాదు. అనుమతి ఉంటే తాకట్టు వస్తువుని వాడుకోవచ్చని అన్న హనఫీలు ఉన్నారు. ఇబ్న్ ఆబిదీన్ గ్రంథంలో దానికి జవాబుంది: అప్పిచ్చేవాళ్లు ఎక్కువగా ఆ అనుభవం కోసమే ఇస్తారు, అది లేదంటే ఇవ్వనే ఇవ్వరు, కాబట్టి అది పెట్టిన షరతుతో సమానం. బుఖారా, సమర్‌ఖండ్‌ల హనఫీలు జనం అవసరం చూసి బైఉల్ వఫా అనే తిరిగి కొనుక్కునే అమ్మకాన్ని ఒప్పుకున్న మాట నిజమే, మజల్లాలోనూ అది చేరింది. కానీ దాన్ని ఒప్పుకోనివాళ్లే ఎక్కువ. అందుబాటులో తేలిక దారి ఉండగా అంత సందేహంలోకి దిగడం నాకు సబబుగా కనిపించదు.

ఆ తేలిక దారి ఇది. చేను అనుభవించండి, కౌలు లెక్క కట్టి ఏటా అసలులో తగ్గించండి. పై లెక్కకే ఆరేళ్లలో 2,98,494 తీరిపోతుంది. మిగిలేది 1,506 రూపాయలు, చేను వెనక్కి. లేదంటే మొదట్లోనే ఆరేళ్ల కౌలు ముందుగా కట్టేసినట్టు ఇజారా రాసుకోండి, రిజిస్టరు చేయించండి. అవసరం ఉన్నవాడికి డబ్బు అందుతుంది, ఇచ్చినవాడికి చేను అందుతుంది, ఎవరిదీ ఎవరూ తినరు.

ఇప్పటికే భోగ్యంలో ఉన్నవాళ్లు ఈ ఏడాది నుంచైనా కౌలు తగ్గించడం మొదలెట్టొచ్చు. గడిచిన ఏళ్లది కూడా లెక్కవేసి తగ్గిస్తే అదే సరైన పద్ధతి. తగ్గించినప్పుడల్లా నోటు వెనక తేదీ, అంకె రాసి ఇద్దరూ సంతకం పెట్టండి. బస్తా ధర ఏ రోజుది తీసుకోవాలో ముందే అనుకోండి. సార్వా బస్తాలకి మీ ఊరి రైతు సేవా కేంద్రంలో కొనుగోలు మొదలైన రోజు ధర అనుకుంటే తడుముకోకుండా తేలుతుంది.